మూడక్షరాల పందెం

వాచీల కొట్టు పైగది,
జూన్ చివరి సోమవారం

పుస్తకాల మధ్య కాపురం పెట్టిన మనవరాలికి,

నీ ఉత్తరం అందింది. మొదటి పేజీ నిండా నా కన్ను. రెండో పేజీ నిండా నా కన్ను. మూడో పేజీలో సగం మీ హాస్టల్లో నీళ్లు రాకపోవడం. ఆ సగం పేజీ ఒక్కటే నువ్వు రాసిన ఉత్తరం. మిగతాది మీ అమ్మ ఫోనులో చెప్పగా నువ్వు దించిన డిక్టేషను.

నన్నూ ఫోనులో మాట్లాడమంటావు. ఫోనులో అన్న మాటకి మర్నాడు ఎవరూ పూచీ పడరు. కాగితం మీద పెట్టినదాన్ని కాదనడానికి వీలుండదు. కాబట్టి ఉత్తరాలే.

నా ఎడమ కంట్లో శుక్లం ముదిరిందని, కోసి తీసి లోపల చిన్న అద్దం పెడతానని కంటి డాక్టరు అన్న మాట నిజమే. అననీ. నలభై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని. ఆఖరి బెంచీలో ఎవడి పెదవులు కదిలాయో చూసి లేపి నిలబెట్టిన కన్ను ఇది. దాని మీద కత్తి పెట్టనివ్వను.

నమ్మకం లేకపోతే పందెం. నువ్వు మూడో తరగతిలో ఉండగా మనం ఆడిన ఆటే. యు, ఎం, పి. ఈ మూడక్షరాలూ ఇదే వరుసలో పక్కపక్కనే వచ్చే ఇంగ్లీషు మాటలు పంపు. అవి పాతవై ఉండాలి, ఇవాళ ఎవరి నోటా వినపడకూడదు. జంప్, లంప్ లాంటి చవకబారు సరుకు చెల్లదు. మాటకి తగ్గ మనిషినో చోటునో మన చుట్టుపక్కల చూపించాలి. చూపించలేని మాట చచ్చిన మాట.

నువ్వు పంపిన ప్రతి మాటనీ మన పెద్ద నిఘంటువులో వెతికి, పేజీలో ఏ నిలువు వరుసలో ఉందో రాసి పంపుతాను. రోలంత బరువు, ఆవగింజంత అక్షరాలు, నీకు తెలుసు. ఒక్క మాట దగ్గర నేను తప్పినా నీ డాక్టరు దగ్గరికి నా కాళ్లతో నేనే నడిచి వెళ్తాను. నువ్వు పంపిన మాట నిఘంటువులో లేకపోతే నువ్వు ఓడినట్టు. అప్పుడు నువ్వూ మీ అమ్మా ఇక నా కంటి ఊసెత్తకూడదు.

మొదటి మాట నాది. ట్రంపరీ. పైన పటారం, లోన లొటారం అని అర్థం. ఉదాహరణ: నీ డాక్టరు గారి ముందుగది. గోడ మీద నిలువెత్తు జలపాతం బొమ్మ. దాని కింద కుర్చీకి మూడే కాళ్లు.

అమ్మమ్మ

*

లైబ్రరీ, నేలమాళిగ, పాత పుస్తకాల గది,
జూలై

ఉత్తరం రాయమంటే ప్రశ్నపత్రం పంపిన అమ్మమ్మా,

పందేనికి సిద్ధం. అమ్మ మాత్రం, "ఆవిడతో పందెమేంటే? గెలిచినా ఓడినా తిట్లు మనకే" అంది.

నీ ట్రంపరీ మా ఆఫీసులోనూ ఉంది. మా పెద్ద లైబ్రేరియన్ అతిథుల కోసమని అద్దాల బీరువా చేయించారు. ముందు వరసలో బంగారు అంచు పుస్తకాలు. వెనక చీపురు, బకెట్, ఆయన మధ్యాహ్నం తల కింద పెట్టుకునే దిండు.

ఇక నా మాట. మంప్‌సిమస్. తను అనేది తప్పని ఎంతమంది రుజువు చూపించినా దాన్నే పట్టుకుని వేలాడే మనిషి. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అంటాం చూడు, అచ్చం అదే. మనిషిని చూపించాలి కదా? పేరు రాయడానికి భయంగా ఉంది. వాచీల కొట్టు పైగదిలో ఉంటుంది. నలభై ఏళ్లు ఇంగ్లీషు చెప్పింది.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. నీ వాక్యాలు కుడివైపుకి వెళ్లేకొద్దీ మేడమెట్లు ఎక్కుతున్నాయేంటి? స్కేలు పెట్టి గీసినట్టు రాసేదానివి కదా.

ఇంకో సంగతి, తాతయ్యకి చెప్పకు. మొన్న వచ్చినప్పుడు చూశాను, మీసానికి వేసిన రంగు మరీ కారు నలుపు. బూటు పాలిష్ అనుకున్నాను. వింటే నొచ్చుకుంటాడు. నీ కడుపులోనే పెట్టుకో.

నీ మనవరాలు

*

వాచీల కొట్టు పైగది,
ఆగస్టు

నోటికి తాళం లేని మనవరాలికి,

మంప్‌సిమస్ దొరికింది. రెండో వరుస, మధ్యలో. అర్థం సరిగానే రాశావు. చూపించిన మనిషి విషయంలో పొరపాటు పడ్డావు. ఆ మాట కంటి డాక్టర్లకి వర్తిస్తుంది. పదికి ఎనిమిది మార్కులు.

వాక్యాలు మెట్లెక్కడానికి కారణం బల్ల. దానికో కాలు పొట్టిది. అట్టముక్క పెట్టించాను.

మీ తాతయ్య మూడు రోజులుగా నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. మీసానికి రంగు వేయడం కూడా మానేశారు. వయసు మీద పడి వైరాగ్యం వచ్చి ఉంటుంది. నాకెలా తెలుస్తుంది? నాకు ఈసారి మాట వెతుక్కునే పని మాత్రం తప్పింది. గ్లంప్. మూతి ముడుచుకుని, పలకరిస్తే అటు తిరిగి కూర్చోవడం.

నిన్న పొద్దున్న, "ఏమండీ, కాఫీలో చక్కెర సరిపోయిందా?" అన్నాను.

"మా బతుక్కి సరిపోయిందిలే" అన్నారు.

కొట్లో గిరాకీలతో మాత్రం నవ్వుతూనే ఉన్నారు. కింద నుంచి వినపడుతూనే ఉంది.

హాస్టల్లో నీళ్లు వస్తున్నాయా? రాకపోతే వార్డెనుకి నోటితో చెప్పకు, రాసి ఇవ్వు. నకలు దగ్గర పెట్టుకో.

అమ్మమ్మ

తా.క. అది బూటు పాలిష్ కాదు తల్లీ. మంచి కంపెనీ రంగే. — తాతయ్య

*

లైబ్రరీ, నేలమాళిగ,
సెప్టెంబరు

మార్కుల దగ్గర పిసినారి అమ్మమ్మా,

రాసి ఇచ్చాను, నకలు పెట్టుకున్నాను, నీళ్లు వచ్చాయి. వార్డెను ఇప్పుడు నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటోంది. ఆమె చేస్తున్నది నీ గ్లంపే.

అట్టముక్క పెట్టించాక కూడా నీ వాక్యాలు దిగి రాలేదు. ఒక చోట అయితే సగం మాట కాగితం మీద ఉంది, మిగతా సగం మీ బల్ల మీద ఉండి ఉంటుంది. తుడిచేయకు, వచ్చినప్పుడు చదువుకుంటాను.

అమ్మ ఏదో చెప్పింది. గ్లాసులో పోయాల్సిన నీళ్లు గ్లాసు పక్కన పోశావట. నేను దాని గురించి ఏమీ అడగను. అడిగితే పందెం నియమం తప్పినట్టు అంటావు.

ఈసారి రెండు మాటలు పంపుతున్నాను.

మొదటిది ఫ్రంపుల్. బట్టనో కాగితాన్నో ముడతలు పడేలా నలపడం. ఉదాహరణ నా పక్క మంచం పిల్ల. ఇస్త్రీ చీరలు బీరువాలో కాళ్లతో తొక్కి పెడుతుంది.

రెండోది స్నంపుల్. చిన్న అబద్ధం ఆడబోయే ముందు గొంతు సవరించుకోవడం. దీనికి మనిషిని నేను చూపించను. నీకే దొరుకుతాడేమో చూడు.

నీ మనవరాలు

*

వాచీల కొట్టు పైగది,
అక్టోబరు

రెండు మాటలతో నన్ను బెదిరించాలనుకున్న మనవరాలికి,

ఫ్రంపుల్ మొదటి వరుసలో అడుగున ఉంది. స్నంపుల్ రెండో వరుసలో పైన ఉంది. అర్థాలు నువ్వు రాసినట్టే ఉన్నాయి. రెంటికీ పదికి పది. ఇన్నేళ్లలో నేనెవరికీ ఇవ్వని మార్కులు. దాచుకో.

నువ్వు చూపించలేకపోయిన మనిషిని నేను చూపిస్తాను. మీ తాతయ్య. మొన్న ఒక చిన్న విషయం అడిగాను. ఏ విషయమో నీకు అనవసరం. ఉందా లేదా చెప్పమన్నాను. గొంతు సవరించుకుని, "ఉందిలే" అన్నారు. నాకు నీ మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆయన అబద్ధం ఆడరు, అది వేరే సంగతి. పెళ్లయిన నాటి నుంచి నాతో ఒక్క అబద్ధం ఆడలేదు. అతికినట్టు సరిపోయిందని రాస్తున్నాను, అంతే.

నా వంతు మాట సంప్టర్. బరువులు మోసే గుర్రం. నేలమాళిగ నుంచి పై అంతస్తుకి పుస్తకాలు నువ్వే మోస్తున్నావని మీ అమ్మ చెప్పింది. లిఫ్ట్ ఉండగా నువ్వెందుకు మోయాలి? మీ పెద్ద లైబ్రేరియన్‌ని అడుగు. ఆ దిండు సంగతి నీకు తెలుసని మాట వరసకి అను.

పందెం నేను గెలుస్తున్నట్టే ఉంది. మీ అమ్మకి ముందే చెప్పి ఉంచు.

అమ్మమ్మ

*

లైబ్రరీ, నేలమాళిగ,
అక్టోబరు చివర

అమ్మమ్మా,

స్నంపుల్ అనే మాట ఏ నిఘంటువులోనూ లేదు. హాస్టల్లో కుళాయి దగ్గర బకెట్ నిండేలోపు నేను పుట్టించాను. ఇక్కడ మా దగ్గరున్న నిఘంటువులన్నీ తిరగేశాను. ఆ మాట ఎక్కడా లేదని తేల్చుకున్నాకే నీకు పంపాను.

నీ ఆగస్టు ఉత్తరం అడుగున తాతయ్య మీసం గురించి ఒక ముక్క రాశాడు. అది నీ కంట పడలేదు. పడి ఉంటే కొట్టేసి పక్కన ఎర్ర సిరాతో సున్నా చుట్టేదానివి. నేను చెప్పొద్దన్న సంగతి ఆయనకి ఎలా తెలిసిందా అని ఆలోచించాను. నా ఉత్తరాలు నీకు ఆయనే చదివి వినిపిస్తున్నాడు. నిఘంటువు కూడా ఆయనే వెతుకుతున్నాడు.

ఆయన లేదని ఒక్క మాట అంటే నేను ఓడిపోయేదాన్ని. నీ నియమం ప్రకారం ఇక నోరెత్తకూడదు. తెలిసే పంపాను. ఆయన ఏమంటాడో చూద్దామనుకున్నాను.

నువ్వు ఓడిపోయావు అమ్మమ్మా. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తావో రాయి.

తాతయ్యా, ఇదంతా నీ చేత చదివించినందుకు తిట్టుకోకు.

నీ మనవరాలు

*

వాచీల కొట్టు పైగది,
నవంబరు

దొంగ మాటలు పుట్టించే మనవరాలికి,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మీ తాతయ్య నీ ఉత్తరం విప్పి, "అమ్మమ్మా" అని చదివి ఆగిపోయారు.

"చదవండి" అన్నాను.

"కాఫీ తాగుతావా?"

"చదవండి."

"కింద ఎవరో వచ్చినట్టున్నారు."

"ఎవరూ రాలేదు. చదవండి."

చదివారు. ఆఖరి వాక్యం దాకా, తన పేరుతో సహా చదివారు. ఆ తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నట్టు చప్పుడు వినిపించింది.

"మీరు ఉందన్నారు" అన్నాను.

"అన్నాను."

"రెండో వరుస, పైన అన్నారు."

"అదీ అన్నాను."

"నిజంగా లేదా?"

"మళ్లీ మళ్లీ చూశాను. వాచీలు చూసే అద్దం పెట్టి ఒక్కో అక్షరం చూశాను. లేదు."

"మరి ఉందని ఎందుకన్నారు?"

"లేదంటే నువ్వు గెలిచేస్తావు కదే!"

మీ తాతయ్యకి ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, అర్థాలు తెలియవు. ఏడాది నుంచి ఆయన కూడబలుక్కుని ఒక్కో అక్షరం చెప్తుంటే నేను మాట పోల్చుకుంటున్నాను. నీ ఉత్తరాలు ఆయన చదవగా వింటున్నాను. జవాబులు మాత్రం నేనే రాస్తున్నాను, చెయ్యి అలవాటు మీద. నేను నీ దగ్గర దాచాను, ఆయన నా దగ్గర దాచారు, నువ్వు మా ఇద్దరి దగ్గరా దాచావు. తలా ఒకటి. లెక్క సరిపోయింది. ఎవరూ ఎవరినీ అనడానికి లేదు.

ఇప్పుడు నువ్వు వినవలసినది ఒకటుంది. నాకు ఉన్నది ఒక్క కన్నే. చిన్నప్పుడు తట్టు సోకి కుడికన్ను పోయింది. చూడటానికి బాగానే ఉంటుంది, దానికి వెలుతురు చీకటి తప్ప ఏమీ తెలియదు. ఇది మీ తాతయ్యకి, ఆ డాక్టరుకి తప్ప ఇంకెవరికీ తెలియదు. మీ అమ్మకి కూడా. టీచరుకి ఒక కన్ను కనపడదని పిల్లలకి తెలిస్తే ఆ పక్కన క్లాసు అదుపులో ఉండదు. అందుకని చెప్పలేదు. తర్వాత చెప్పవలసిన అవసరం రాలేదు.

డాక్టరు కోస్తానంటున్నది ఆ ఉన్న ఒక్క కంటినే. నూటికి తొంభై తొమ్మిది మందికి బాగవుతుందట. ఆ నూరో మనిషి ఎవరని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

భయం కాదు. తెలిసి ఉండాలని రాశాను.

అమ్మమ్మ

*

హాస్టలు,
నవంబరు

అమ్మమ్మా,

నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ పిచ్చి మాట పుట్టించేదాన్నే కాదు.

పందెం రద్దు చేసేద్దాం. నువ్వు వెళ్లొద్దు. ఇప్పుడు ఎంతో కొంత కనపడుతోంది కదా, వెలుతురు, మనుషుల ఆకారాలు. అదైనా ఉంటుంది. నా ఉత్తరాలు తాతయ్య చదువుతాడు. పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తాను, ఆయనకీ ఇబ్బంది ఉండదు. అమ్మకి నేను సర్ది చెప్తాను. నీ కుడికన్ను సంగతి చెప్పను.

నిన్నటి నుంచి పని మీద మనసు నిలవడం లేదు. లిఫ్ట్ వాడుకోమన్నారు, అయినా మెట్లెక్కి పుస్తకాలు మోశాను. ఊరికే కూర్చుంటే ఆ నూరో మనిషి గుర్తొస్తున్నాడు.

వద్దు అమ్మమ్మా. నేనే ఓడిపోయానని రాసుకో.

నీ మనవరాలు

*

వాచీల కొట్టు పైగది,
నవంబరు చివర

కంగారు మనవరాలికి,

గెలిచినవాళ్లకి పందెం రద్దు చేసే హక్కు లేదు. నియమాలు పెట్టింది నేను. వాటిలో అలాంటి నియమం లేదు.

నీ ఉత్తరం మీ తాతయ్య చదివారు. "వెళ్లొద్దంటోంది. ఏం చేద్దాం?" అన్నారు. గొంతు సవరించుకోలేదు. నేనెలా చెప్తే అలాగే అన్నట్టు కూర్చున్నారు. అబద్ధం రుచే తెలియని మనిషి. నేను ఓడాలని ఆ ఒక్కసారీ ఆడారు. నా కన్ను పోతే రేపు నన్ను చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది ఆయనే. ఆ సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు. తెలిసీ ఉందన్నారు. ఆయన ఆ మాత్రం తెగించినప్పుడు నేను మంచం పట్టుకుని కూర్చుంటే బాగుండదు.

జంప్ చవకబారు సరుకని మొదట్లో రాశాను. దిద్దుకుంటున్నాను. పాతకాలంలో ఆ మాటకి 'సరిగ్గా, కచ్చితంగా' అనే అర్థం కూడా ఉండేది. గురువారం పొద్దున్న జంప్ తొమ్మిదింటికి రమ్మన్నారు. మీ అమ్మకి కుడికన్ను సంగతి నేనే చెప్పాను. ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది. తిట్టడం బాగానే నేర్చుకుంది.

నువ్వు రావద్దు. గోడ తడుముకుంటూ నడిచే అమ్మమ్మని నువ్వు చూడనక్కర్లేదు. సెలవులు దాచుకో.

అమ్మమ్మ

*

కంటి ఆసుపత్రి వరండా,
గురువారం

తల్లీ,

మీ అమ్మమ్మని లోపలికి తీసుకెళ్లారు. మీ అమ్మ మందుల కోసం వెళ్లింది. ఊరికే కూర్చోలేక మందుల చీటీ వెనక రాస్తున్నాను. నాకు ఉత్తరాలు రాయడం రాదు, చదవడమే వచ్చు.

వెళ్తూ వెళ్తూ నర్సుని, "నీ బ్యాడ్జీ మీద పేరు పక్కన ఏం చదువు రాసి ఉందమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల హడలిపోయింది.

డాక్టరు గారు చేతులు కడుక్కునే ముందు వాచీ తీసి బల్ల మీద పెట్టారు. చూశాను, వెనక నడుస్తోంది. చెప్పాలా వద్దా అని కొట్టుకున్నాను. ఇప్పుడు చెప్తే ఆయన మనసు వాచీ మీదికి పోతుందని ఊరుకున్నాను. బయటికొచ్చాక ఊరికే బాగుచేసి ఇస్తాను.

లేదని చెప్పి ఉంటే బాగుండేదా తల్లీ? నీకు కాక ఇంకెవరికి రాయను? ఈ ఒక్క ఉత్తరం ఆవిడకి చదివి వినిపించక్కర్లేదు.

తలుపు తీశారు. వెళ్తున్నాను.

తాతయ్య

*

వాచీల కొట్టు పైగది,
డిసెంబరు మొదటి వారం

మనవరాలికి,

నిన్న కట్టు విప్పారు. ఈ ఉత్తరం రాయవద్దన్నారు, పావుగంట మాత్రమే రాస్తాను.

నూరో మనిషిని నేను కాదు.

మొదట కనపడింది డాక్టరు. నేను అనుకున్నంత చిన్నవాడు కాదు, చెవుల దగ్గర నెరిసింది. "ఇవి ఎన్ని వేళ్లు?" అని చెయ్యి చూపించాడు. "వేళ్లు తర్వాత. ముందు ఆ గోళ్లు తీయించుకో నాయనా" అన్నాను. మీ అమ్మ నా భుజం మీద తల పెట్టి నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

ఇంటికి వచ్చి చూస్తే ఇల్లు ఇల్లులా లేదు. పైకప్పు మూలల్లో బూజు. స్టవ్ వెనక గోడంతా జిడ్డు. ఇంతకాలం శుభ్రంగా ఉందనుకుని ఈ ఇంట్లో తలెత్తుకు తిరిగాను. మీ అమ్మ చీపురు తీసుకోబోతే వద్దన్నాను. ఆ పని నాది, వారం ఆగి చేసుకుంటాను.

ఇవాళ పొద్దున్న మీ తాతయ్య కాఫీ తెచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఎండ ముఖం మీద పడుతోంది. బుగ్గలు లోపలికి పోయాయి. మెడ దగ్గర చర్మం వదులైంది. వాచీల అద్దం పెట్టుకునే కంటి చుట్టూ గుంత పడింది. చెయ్యి కొంచెం వణుకుతోంది, కప్పు సాసర్‌లో చప్పుడు చేస్తోంది. ఆ చప్పుడు రోజూ వింటూనే ఉన్నాను. కప్పు అడుగు అరిగిందనుకున్నాను.

"మీరెప్పుడు ఇంత ముసలివారయ్యారు?" అన్నాను.

"నువ్వు చూడనప్పుడు" అన్నారు.

కప్పు అందుకుని పక్కన పెట్టి, కుర్చీ వెలుతురులోకి లాగి కూర్చోమన్నాను. కూర్చున్నారు. కాసేపటికి ఇబ్బందిగా కదలడం మొదలుపెట్టారు.

"ఎంతసేపే ఇలా? కింద కొట్టు తీయాలి."

"తీద్దురు గాని. కదలకండి."

అమ్మమ్మ